సెంటుసీసాలో వెల ఎంత, వాసన ఎంత?

మా మేనల్లునికి ఉద్యోగమైనది. మొదటి నెల జీతం చేతికి రాగానే తల్లికి ఒక చీర కొన్నాడు. తనకొక సెంటుసీసా కొనుక్కున్నాడు. చీరకంటె సీసాయే ప్రియమని తెలిసి ఇంటిల్లిపాదీ నిర్ఘాంతపోయినారు. ఇంత డబ్బు దీనికెందుకు పోసినావని నేనడిగితే కొంతసేపు తటపటాయించి, "మామయ్యా, నేను రోజూ పూసుకొనే రెండువందల రూపాయల సెంటు వాసన చూసి ఆఫీసులో నవ్వినారు" అన్నాడు.

నవ్విన వారి మాట అటుంచుదాము. ఆ కుర్రవాని మనస్సులోని సందేహం మాత్రం న్యాయమైనది. ముప్పయి రెట్లు వెల గల సీసాలో ముప్పయి రెట్లు మేలైన పరిమళం ఉంటుందా? ఉండకపోతే ఆ డబ్బంతా ఎక్కడికి పోతున్నది?

మొదట సీసాలో ఏమున్నదో చూద్దాము. చౌకదైనా ప్రియమైనదైనా అందులో అధికభాగం ఆల్కహాలే. దానిలో కరిగియున్న సుగంధసారం పాలు స్వల్పం. జ్వరం వచ్చినప్పుడు గుడ్డ తడిపి నుదుట వేసే ఓడికొలోన్‌లో ఈ సారం సుమారుగా నూటికి 2 మొదలు 5 పాళ్లు. ఓ ద త్వాలెత్ అనబడే రకంలో 5 మొదలు 15. ఓ ద పార్ఫం అనే రకంలో 15 మొదలు 20. ఇవి చట్టం విధించిన హద్దులు కావు. వ్యాపారంలో వాడుకగా వచ్చినవి. కనుక రెండు సీసాలను పోల్చేవారు ముందుగా అవి రెండూ ఒకే రకానివో కావో చూచుకోవలెను. కొలోన్‌ను పార్ఫంతో పోల్చడం మజ్జిగను పెరుగుతో పోల్చడం వంటిది.

రెండవ విషయం: పరిమళం ఒక్కమారుగా వెలువడదు. నిమ్మ, నారింజ జాతి వాసనలు తేలికైనవి. అవి పావుగంటలో ఎగిరిపోతాయి. లవంగం, లావెండరు వంటివి తరువాత మేల్కొని ఒకటి రెండు గంటలుంటాయి. చందనం, వట్టివేరు, కస్తూరి, వెనిలా వంటి బరువైన వాసనలు అడుగున నిలిచి సాయంకాలం దాకా వెంట వస్తాయి. దుకాణంలో మనం ఆఘ్రాణించేది మొదటి అంకం మాత్రమే. చౌకసెంటు తయారుచేసేవారు తమకున్న కొద్దిపాటి సొమ్మును తరచుగా ఆ మొదటి అంకం మీదనే వెచ్చిస్తారు. కొనేవాడు కొనేది అప్పుడే గదా!

చౌకదానిలో రసాయనాలు, ప్రియమైనదానిలో పూలూ వేళ్లూ ఉంటాయని చాలామంది నమ్మకం. ఇది సరికాదు. ఎండుగడ్డి పరిమళాన్ని తలపించే కూమరిన్ అనే పదార్థాన్ని 1868లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేసినాడు. 1882లో పారిస్‌లోని ఉబిగాఁ సంస్థ ఆ కృత్రిమ పదార్థంతోనే 'ఫుజేర్ రాయాల్' అనే సెంటును రూపొందించినది. నేడు పురుషులు వాడే సెంట్లలో ఒక పెద్ద వంశానికి అదే మూలపురుషుడు. డైహైడ్రోమిర్సెనాల్ అనే మరొక పదార్థం చరిత్ర ఇంకా విచిత్రమైనది. బట్టలసబ్బులకు శుభ్రమైన వాసన నిచ్చేందుకు వాడుతూ వచ్చిన ఆ పదార్థమే 1982లో 'డ్రకార్ నువార్'లోనికి, 1988లో 'కూల్ వాటర్'లోనికి సమృద్ధిగా ప్రవేశించి గొప్ప ఫ్యాషనైనది. బట్టలసబ్బు నుండి పట్టుచొక్కా మీదికి ఎక్కినదన్నమాట!

మరొక సంగతి. పెద్దపెద్ద ఫ్యాషన్ గృహాల పేర్లతో అమ్ముడయ్యే సెంట్లను చాలావరకు ఆ గృహాలు స్వయంగా తయారుచేయవు. అర్మానీ పేరిట వచ్చే పరిమళాలను లోరియాల్ సంస్థ ఒప్పందంపై తయారుచేసి అమ్ముతున్నది. వాసనను కూర్చేవారు జివోడాన్, ఐ.ఎఫ్.ఎఫ్. వంటి సుగంధ సంస్థలలోని నిపుణులు. ఆ సంస్థలే సబ్బులకు, తలనూనెలకు కూడ వాసనలు సమకూరుస్తాయి. కాగా మనం చెల్లించే వెలలో పెద్దభాగం సీసాకు, అట్టపెట్టెకు, సినిమా తారల ప్రకటనలకు, దుకాణపు అద్దెకు, పన్నులకు, అన్నిటికి మించి పేరుకు పోతున్నది. లోపలి ద్రవానికయ్యే ఖర్చు చిన్నభాగమే.

అట్లని తేడాయే లేదనడం కూడ పొరపాటు. సుగంధనిపుణునికి సరుకు కొనుటకు ఎక్కువ సొమ్మిస్తే అతడు మంచి దినుసులు వాడగలడు. వట్టివేరును చూడండి. ఫ్రెంచివారు 'వెటివర్' అనే మాట తమిళం నుండి తీసుకున్నారు. మన మాటకూ అది తోబుట్టువే. వేసవిలో తడికెలు కట్టుకొనే ఆ వేళ్ల తైలంలో వందకుపైగా పదార్థాలు కలిసియుంటాయి. మట్టివాసన, కట్టెవాసన, పొగవాసన అన్నీ అందులో ఉంటాయి. ఒకటి రెండు కృత్రిమ పదార్థాలతో ఆ పోలిక తేవచ్చును గాని ఆ నిండుతనం తేవడం కష్టం.

ఈ తేడాను మేము ఇంటిలోనే పరీక్షించి చూచినాము. మేనల్లుని ఒక మణికట్టుకు కొత్త సెంటు, రెండవదానికి పాతది పూసినాము. ఏది ఏదో చెప్పకుండా వాళ్లమ్మను వాసన చూడుమన్నాము. మొదటి పది నిమిషాలలో ఆమె పాతదే బాగున్నదన్నది. మధ్యాహ్నానికి పాతదానిలో సబ్బువాసన మాత్రమే మిగిలినదన్నది. సాయంకాలం కాఫీవేళకు కొత్తది ఇంకా మెత్తగా వాసన వేస్తున్నది. పాతది లేనే లేదు. తేడా ఉన్నమాట నిజమే. కాని అది ముప్పయి రెట్లని మాలో ఎవరూ అనలేదు.

ఇక అనుకరణల సంగతి. సీసాలోని పదార్థాలను విడదీసి చూపే యంత్రాలు వచ్చిన తరువాత పేరుపొందిన సెంటును పోలిన సెంటు చేయడం సులభమైనది. పరిమళం గ్రంథకర్తృత్వం వంటి హక్కు పొందుతుందా అన్న వివాదంలో 2006 జూన్ నెలలోనే ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం పొందదన్నది. నెదర్లాండ్సు అత్యున్నత న్యాయస్థానం పొందవచ్చునన్నది! అయితే పోలిక వేరు, దొంగతనం వేరు. తన పేరు పెట్టుకొని పోలిన వాసన అమ్మేవాడు ఒకడు. పరుల పేరును సీసామీద అంటించి అమ్మేవాడు మరొకడు. రెండవవాని సరుకులో ఏమి కలిసినదో చెప్పే పూచీదారు ఎవ్వడూ లేడు. చర్మానికి తగిలే వస్తువు గనుక దానిని ముట్టకపోవడమే క్షేమం.

కొనదలచినవారికి నాలుగు మాటలు. దుకాణంలో చర్మంమీద కొద్దిగా పూసుకొని ఇంటికి వెళ్లిపోండి; నాలుగు గంటలు గడిచిన తరువాత నిర్ణయించుకోండి. ఒక పూటలో రెండు మూడింటికి మించి వాసన చూడకండి, ముక్కు అలసిపోతుంది. మన ఒంటి సెంటుకు మన ముక్కు త్వరగా అలవాటుపడుతుంది గనుక, వాసన ఉన్నదీ లేనిదీ ఇంటివారిని అడగండి. సీసాను ఎండ తగలని బీరువాలో ఉంచండి.

మా మేనల్లుడు ఇప్పుడు రెండు సీసాలూ వాడుకొంటున్నాడు. ఉదయం ఆఫీసుకు పాతది, పెళ్లిపేరంటాలకు కొత్తది. ఎవరైనా నవ్వినారా అని మొన్న అడిగినాను. "గమనించలేదు మామయ్యా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు, అతడు పోసిన డబ్బు వృథా కాలేదని నాకు తోచినది.