వార్తల్లో పదం: ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్ష

కరిచిన కుక్క చనిపోతే, దానికి రేబిస్ ఉందో లేదో తేల్చే ప్రామాణిక పరీక్ష ఇది. ప్రయోగశాలలో ఆ కుక్క మెదడు కాండం, చిన్నమెదడు నుంచి కాస్త కణజాలం తీసి గాజు పలకపై అద్దుతారు. చల్లని అసిటోన్‌లో ఉంచాక, వెలుగునిచ్చే రంగు జోడించిన యాంటీబాడీలను దానిపై వేస్తారు. అవి రేబిస్ వైరస్ ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. పట్టు దొరకనివి కడిగితే పోతాయి. ప్రత్యేక సూక్ష్మదర్శినిలో చూస్తే వైరస్ ఉన్నచోట లేత ఆకుపచ్చ చుక్కలు మెరుస్తాయి. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ఈ విధానానికి బాట వేసింది. 1958లో గోల్డ్‌వాసర్, కిస్లింగ్ దాన్ని రేబిస్ నిర్ధారణకు వాడారు. ఫలితం కొన్ని గంటల్లోనే వస్తుంది. అయినా దానికోసం ఆగకండి. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.