చిత్రఫలకంపై ఋతుచక్రం

ప్రబంధమంటే అందులో ఋతువర్ణన ఉండవలసిందే. అష్టాదశ వర్ణనలలో దానికొక స్థానమున్నది. కాని తరగతిలో వసంతమనగానే కోకిలను, మావిచిగురును వల్లించే విద్యార్థి, ఈ నెలలో చేలో ఏ పని జరుగుతున్నదని అడిగితే తలవంచుకుంటాడు. రైతుబిడ్డ అయినా అంతే. ఈ లోటును తలచుకొన్నప్పుడల్లా మాకు పీటర్ బ్రూగెల్ మాసచిత్రాలు స్ఫురిస్తాయి.

బ్రూగెల్ పదహారవ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు. నేటి బెల్జియం ప్రాంతంలో ఆనాటి ధనికుల ప్రార్థనా గ్రంథాలలో పంచాంగం వంటి పుటలుండేవి. ఏ నెలలో ఏ పని చేస్తారో చిన్న బొమ్మలుగా అందులో చూపేవారు. అరచేయి పాటి ఆ బొమ్మలను బ్రూగెల్ 1565లో సుమారు నాలుగడుగుల ఎత్తు, అయిదడుగులకు మించిన వెడల్పు గల కొయ్యపలకల మీదికి పెంచినాడు. వ్రాయించుకొన్నవాడు ఆంట్వెర్ప్ నగర ధనికుడు నికొలాస్ యోంగెలింక్. ఫలకాలు ఆరనీ, ఒక్కొక్కదానికి రెండేసి నెలలనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నేడు మిగిలినవి అయిదే: మూడు వియన్నాలో, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్కులో. పోయినది వసంతం! మన కవులకు మిక్కిలి ప్రియమైన ఋతువే అక్కడ దక్కకపోవడం విచిత్రం.

న్యూయార్కులోని కోతల చిత్రాన్ని చూడండి. పండిన గోధుమచేను గోడవలె నిలిచి ఉన్నది. కొందరు కోస్తున్నారు, కొందరు చెట్టునీడన రొట్టె తింటున్నారు, ఒకడు కాళ్లు బారజాపి ఒళ్లెరుగక నిద్రిస్తున్నాడు. గోధుమకు బదులు వరి, రొట్టెకు బదులు చద్దిమూట అనుకుంటే అది మన బాపట్ల చేనే. ఋతువును పువ్వుతోగాక అలసటతో చెప్పవచ్చునని మాకు తెలిసినది ఆ నిద్రపోయేవానివల్లనే.

మంచులో వేటగాళ్ల చిత్రం అందరూ ఎరిగినదే. ముగ్గురు మనుషులు, కుక్కల మంద, దొరికినదేమో ఒక్క నక్క. అంతకు ముందరి చలికాలం ఐరోపాలో అతి కఠినమైనది. మమ్ములను ఎక్కువగా కలవరపెట్టేది మబ్బుదినపు చిత్రం. ముందుభాగంలో మనుషులు చెట్ల కొమ్మలు నరుకుతున్నారు, పిండివంట తింటున్నారు. ఒక బిడ్డ తలపై కాగితపు కిరీటమున్నది. దూరాన నదీముఖంలో తుపానుకు ఓడలు పగిలిపోతున్నవి. ఇటువారికి అటు సంగతి తెలియదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన నాటి మాటలు రేపల్లె ప్రాంతపు పెద్దలనోట విన్నవారికి ఈ చిత్రం కేవలం పరదేశపు బొమ్మగా తోచదు. కార్తికం మనకు దీపాల మాసమే గాక, చేను చేతికందేవేళ సముద్రంవైపు భయంగా చూసే మాసం కూడా.

మన సాహిత్యంలో ఇట్టి దృష్టి లేదనరాదు. బ్రూగెల్‌కు కొద్ది దశాబ్దాల ముందే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలాన్ని చెబుతూ తడిసిన కట్టెలను, పొగ నిండిన వంటయిళ్లను చూపినాడు. చక్రవర్తికి వంటింటి పొగ ఎట్లా తెలిసినదో! మన ఉర్దూశాఖ మిత్రులు చెప్పే బారామాసా కావ్యాలలోనూ పన్నెండు నెలలూ వరుసగా వస్తాయి. అఫ్జల్ రచించిన బికట్ కహానీ అట్టిదే. అయితే అక్కడ మాసాలను లెక్కించేది రైతు కాదు, విరహిణి.

చిత్రకళను తెలుగులో వివరించి చెప్పిన సంజీవదేవ్ నివసించిన తుమ్మపూడి మనకు ఎంతో దూరం కాదు. తెనాలి నుండి రేపల్లె పోయే రైలులో మార్గశిరమాసాన కిటికీ ప్రక్కన కూర్చుంటే పచ్చబారిన చేలు, అక్కడక్కడ పనలు, కుప్పలు కనబడతాయి. కోతయంత్రాలు వచ్చినాక పనలు ఏటేటా తగ్గుతున్నవి. మా తరగతిలో బొమ్మలు వేయనేర్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. రాబోయే మార్గశిరంలో వారిని వెంటబెట్టుకొని ఆ రైలెక్కవలెనని మా కోరిక.