మోటారు కారవాన్

మోటారు కారవాన్ అనగా ప్రయాణానికి, నివాసానికి ఏకకాలంలో ఉపయోగపడునట్లు నిర్మించిన మోటారు వాహనం. పడకలు, వంటగట్టు, నీటితొట్టి, చాలావరకు మరుగుదొడ్డి కూడా ఇందులోనే అమరి ఉంటాయి. అమెరికాలో దీనిని ఆర్.వి. అనీ, మోటార్ హోమ్ అనీ అంటారు. చిన్న పరిమాణంలో ఉన్నవాటిని క్యాంపర్ వాన్ అని వ్యవహరిస్తారు. భారతదేశంలో పర్యాటక శాఖల పత్రాలలో కారవాన్ అన్న పేరే స్థిరపడినది. తెలుగువారికి ఈ మాట వినగానే సినీతారల విశ్రాంతి వాహనం స్ఫురించడం సహజం. అయితే ఆ వాహనం షూటింగు స్థలంలో నిలిపి ఉంచి, జనరేటరు సాయంతో వాడుకొనడానికి ఉద్దేశించినది. కుటుంబంతో దూరప్రయాణం చేస్తూ రాత్రులు అందులోనే గడపడానికి కావలసిన ఏర్పాట్లు వేరు. ఆధునిక కారవాన్‌లో పరిశీలించవలసిన అంశాలను వరంగల్లు ప్రాంతపు ఎండలు, రహదారులు దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో వివరించడమైనది.

పేరు, పూర్వచరిత్ర

కారవాన్ అన్నది పారశీక భాష నుండి వచ్చిన పదం. కలిసి ప్రయాణించే వర్తకుల బిడారు అని దీని అర్థం. గోల్కొండ సమీపంలో అటువంటి వర్తకులు విడిది చేసిన ప్రాంతమే నేటి హైదరాబాదులోని కార్వాన్. ఓరుగల్లు ప్రాంతంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని సంచరించిన లంబాడీల బిడారులు కూడా ఈ కోవకు చెందినవే.

బండినే ఇల్లుగా చేసుకొని ప్రయాణించడం ఈ ప్రాంతానికి కొత్త విషయం కాదు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు రైతు కుటుంబాలు బియ్యం, వంటపాత్రలు, కోళ్ళు, ఎడ్లకు గడ్డి సర్దుకొని గూడుబండ్లలో బయలుదేరేవి. దారిలో చెరువుగట్ల వద్ద మజిలీలు చేస్తూ, రాత్రి బండికిందనో బండిలోనో నిద్రించేవారు. తెలంగాణలో కచ్చురం అని పిలిచే కప్పు బండిలో కూర్చోవడానికి, పడుకోవడానికి, సామాను దాచడానికి ఒకే చోటును ఉపయోగించిన తీరు నేటి కారవాన్ నిర్మాతలకు కూడా పాఠమే.

ఐరోపాలో కేవలం విహారం కొరకు నిర్మించిన తొలి కారవాన్‌గా 'ది వాండరర్'ను పేర్కొంటారు. రచయిత, వైద్యుడు అయిన గోర్డన్ స్టేబుల్స్ కొరకు 1885లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వ్యాగన్ కర్మాగారం దీనిని తయారుచేసినది. దానిని గుర్రాలు లాగేవి. 1950వ దశకంలో జర్మనీ ఫోక్స్‌వాగన్ వాన్లు, 1960వ దశకంలో అమెరికాలోని విన్నెబాగో మోటారు గృహాలు మధ్యతరగతికి వీటిని చేరువ చేశాయి.

తెలుగునాట అత్యంత ప్రసిద్ధి చెందిన నివాస వాహనం నందమూరి తారక రామారావు చైతన్యరథం. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన అనంతరం ఆయన ఒక పాత షెవర్లే వాహనాన్ని మార్పించి రాష్ట్రమంతటా పర్యటించారు. కుమారుడు హరికృష్ణ దానిని నడిపేవారు. పైకప్పు మీద ప్రసంగవేదిక, లోపల విశ్రాంతికి చోటు ఉండేవి. స్నానం మాత్రం తరచుగా రోడ్డు పక్కనే. నేటి ప్రమాణాలలో దానిని పూర్తి కారవాన్ అనలేము కాని, వాహనంలోనే నెలల తరబడి బ్రతకవచ్చునని తెలుగు ప్రజలు కళ్ళారా చూసినది అప్పుడే.

ఆధార వాహనం, బరువు

మన దేశంలో కారవాన్‌ను సాధారణంగా మినీబస్సు లేదా తేలికపాటి లారీ ఛాసిస్ మీద నిర్మిస్తారు. ఫోర్స్ ట్రావెలర్ వంటి వాహనాలు ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. కొనేవారు లోపలి పరుపులు, దీపాల అలంకరణ చూడడానికి ముందు రెండు అంకెలు అడగాలి: ఖాళీ వాహనం బరువు ఎంత, అనుమతించిన గరిష్ఠ బరువు ఎంత. ఈ రెంటి మధ్య తేడాలోనే మనుషులు, నీరు, సామాను ఇమడాలి. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగుతుంది గనుక 150 లీటర్ల తొట్టి నిండితే 150 కిలోలు. నలుగురు పెద్దవారు సుమారు 260 కిలోలు. వీటికి వంటసామగ్రి, దుస్తులు, ఎ.సి., బ్యాటరీలు తోడైతే అనుమతించిన బరువు దాటిపోవడం ఎంతో తేలిక. బరువు మించిన వాహనంలో మొదట దెబ్బతినేవి టైర్లు, బ్రేకులు. పూర్తిగా నింపిన వాహనాన్ని ఏదైనా వేబ్రిడ్జి మీద తూకం వేయించడం ఖర్చులేని పరీక్ష వంటిది. బరువు ఒకే పక్కకు చేరకుండా చూడడం కూడా అవసరం.

ఎత్తు మరొక విషయం. ఎ.సి. పెట్టె, సౌరఫలకాలు కలిపి కొలిచిన మొత్తం ఎత్తును డ్రైవరు ఎదుట రాసి అతికించాలి. రైలుమార్గాల కింది వంతెనలు, ఓరుగల్లు రాతికోట ద్వారం వద్ద మలుపు తిరిగే ఇరుకు దారి, పల్లెదారుల మీదికి వంగిన చింతకొమ్మలు ఇటువంటి వాహనాలకు కష్టం కలిగిస్తాయి. వెనుక చక్రాలకు ఆవల శరీరం మరీ పొడవుగా ఉంటే వాగులు దాటేటప్పుడు తోక నేలకు తగులుతుంది. హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఈ చిక్కు లేదు. అక్కడి నుండి పక్కకు తిరిగిన తర్వాతే వాహనపు అసలు పరీక్ష.

ఎండకు రక్షణ

వరంగల్లులో మే నెల పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు తాకడం సాధారణమే. రేకు శరీరం గల వాహనం ఆ ఎండలో నిమిషాలలో కుంపటి అవుతుంది. విదేశీ కారవాన్లలో ఉష్ణనిరోధక పొరను చలిని ఆపడానికి వేస్తారు. ఇక్కడ దాని పని వేడిని ఆపడం. పైకప్పుకు, పక్కగోడలకు మధ్య ఎటువంటి పొర వేశారు, ఎంత మందం వేశారు అని అడిగి, వీలైతే ఒక స్క్రూ విప్పించి చూడాలి. ఉక్కు చట్రం రేకుకు నేరుగా తగిలే చోట్ల పొర లేకపోతే వేడి ఆ దారినే లోపలికి వస్తుంది. తెల్లరంగు పైకప్పు, లోపలి వేడిగాలిని బయటికి తోసే పైకప్పు ఫ్యాను, దోమతెరలు గల కిటికీలు, పక్కకు చాచే పందిరి గుడ్డ ఇక్కడ అలంకారాలు కావు, అవసరాలు.

విద్యుత్తు లెక్క

అమ్మకందారుల మాటలకు, వాస్తవానికి ఎక్కువ దూరం ఉండేది విద్యుత్తు విషయంలోనే. కారవాన్‌లో ఇంజను బ్యాటరీ కాక ఇంటి అవసరాలకు వేరొక బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులు, 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిలువ ఉండే శక్తి 2,400 వాట్-అవర్లు, అనగా 2.4 యూనిట్లు. సీసపు బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో సుమారు 2 యూనిట్లు వాడుకోవచ్చు. బరువు కూడా సీసపు బ్యాటరీలో సగానికన్న తక్కువ. ధర మాత్రం ఎక్కువ.

ఒక టన్ను ఎ.సి. తీవ్రమైన ఎండలో గంటకు దాదాపు ఒక యూనిట్ ఖర్చు చేస్తుంది. కాబట్టి పైన చెప్పిన సీసపు బ్యాటరీతో ఒక గంట, లిథియం బ్యాటరీతో రెండు గంటలు నడుస్తుంది. 'బ్యాటరీతో రాత్రంతా ఎ.సి.' అన్న వాగ్దానం విన్నప్పుడు బ్యాటరీ మొత్తం ఎన్ని యూనిట్లదో అడిగి ఈ లెక్క వేసుకోవాలి. 400 వాట్ల సౌరఫలకాలు నిర్మలమైన రోజున ఒకటిన్నర నుండి రెండు యూనిట్లు ఇస్తాయి. దీపాలు, ఫోన్లు, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, 30 వాట్ల ఫ్యానుకు అది చాలును, ఎ.సి.కి చాలదు. పైగా ఎండకు తాళలేక వాహనాన్ని చింతచెట్టు నీడన నిలిపితే ఫలకాలు పని చేయవు. విప్పి ఎండలో పరచుకొనే ఫలకం ఒకటి అదనంగా ఉంటే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. ప్రయాణంలో ఇంజను ద్వారా ఇంటి బ్యాటరీ నిండే ఏర్పాటు తప్పనిసరి.

ఎ.సి. కావాలంటే రాత్రికి బయటి విద్యుత్తు దొరికే చోట నిలపడమే సరైన మార్గం. అందుకు 16 ఆంపియర్ల ప్లగ్గు, మందమైన తీగ, ఎర్తు కనెక్షన్, లీకేజి కరెంటును పసిగట్టి ఆపివేసే ఆర్.సి.సి.బి. ఉండాలి. వాహనమంతా లోహమే గనుక ఎర్తు లేని చోట తడికాళ్ళతో తలుపు పట్టుకోవడం ప్రాణాంతకం కావచ్చు.

విషవాయువు, వంటగ్యాసు

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు నిద్రలోనే మరణించారు. వాహనంలోని జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరిశోధనలో తేలినది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్నా దీనినే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మనిషి మెలకువ రాకుండానే స్పృహ కోల్పోతాడు.

కనుక నేలలో తీగల కొరకు, గొట్టాల కొరకు చేసిన ప్రతి రంధ్రమూ మూసి ఉన్నదా లేదా అన్నది కొనేవారు స్వయంగా టార్చిలైటు వేసి చూడవలసిన విషయం. నిద్రించే వేళ జనరేటరుగాని, ఇంజనుగాని నడపరాదు. పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. దాని వెల వాహనపు వెలలో లెక్కకు రానంత స్వల్పం. బొగ్గుల కుంపటిని లోపలికి తేవడం కూడా అంతే ప్రమాదకరం.

వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే నేలమీద పరచుకొని నిలుస్తుంది. సిలిండరు అరకు లోపలివైపు సందులేకుండా మూసి, అడుగున బయటికి గాలిపోయే రంధ్రం ఉంచాలి. గ్యాసు అలారాన్ని నేలకు దగ్గరగా అమర్చాలి, కప్పు దగ్గర కాదు. బయటి విద్యుత్తు దొరికే ప్రయాణాలలో ఇండక్షన్ పొయ్యి మేలు.

బయటపడే దారి

2013 అక్టోబరు 30న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొన్న ప్రైవేటు బస్సు మంటలలో చిక్కుకొని 45 మంది మరణించారు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లాలో మరొక స్లీపరు బస్సు దగ్ధమైనది. స్పాంజి, రెగ్జిన్, ప్లైవుడ్ నిండిన కారవాన్ కూడా అంతే వేగంగా మండుతుంది. దీనికి సాధారణంగా ఒకటే తలుపు, అది కూడా వంటగట్టు పక్కనే! పడకల వైపున మనిషి పట్టేంత కిటికీ గాని, పైకప్పు మూత గాని లోపలినుండి చేతితో తెరుచుకోవాలి. విద్యుత్తుతో మాత్రమే తెరుచుకొనే తలుపును నమ్మరాదు. దొంగల భయంతో కిటికీలకు ఇనుప ఊచలు బిగించడం ఈ దారిని మూయడమే. మంటలార్పే సిలిండర్లు రెండు ఉండాలి, ఒకటి డ్రైవరు దగ్గర, ఒకటి పడక దగ్గర. కదిలే వాహనంలో పడకలు వాడకూడదు. ఎందరు ప్రయాణిస్తారో అన్ని సీటుబెల్టులు ఉన్నవో లేదో లెక్కించాలి.

నీరు, వ్యర్థం

మంచినీటికి ఒకటి, వాడిన నీటికి ఒకటి, మలవ్యర్థానికి ఒకటి చొప్పున మూడు తొట్లు ఉంటాయి. వాడిన నీటి తొట్టి మంచినీటి తొట్టి కన్నా చాలా చిన్నదైతే ఆ నీరు రోడ్డుపాలు అవుతుంది. ఐరోపాలో వలె వ్యర్థం ఖాళీ చేసే కేంద్రాలు మన రహదారుల వెంట లేవు. అందువల్ల పెద్ద తొట్టి కన్నా విడిగా తీసి మోసుకొనిపోగల క్యాసెట్ మరుగుదొడ్డి ఇక్కడ అనుకూలం. ఏ మరుగుదొడ్డిలోనైనా ఖాళీ చేయవచ్చు. మల వ్యర్థాల శుద్ధికి వరంగల్లు నగరపాలక సంస్థకు అమ్మవారిపేటలో ప్రత్యేక కేంద్రం ఉన్నది. కాకతీయుల నాటి పాకాల చెరువు, లక్నవరం, రామప్ప పరిసరాలలో, తాడ్వాయి అడవులలో వ్యర్థాన్ని పారబోయడం పర్యాటకానికే చేటు. 2021లో రామప్ప దేవాలయానికి ప్రపంచ వారసత్వ హోదా లభించిన తరువాత ఇటు సందర్శకుల దృష్టి మరింత మళ్ళినది. అభయారణ్యాలలో అనుమతి లేకుండా రాత్రి బస చేయరాదు. మేడారం జాతర రోజులలో సొంత వాహనాలను గద్దెలకు దూరంగా నిలుపుతారు గనుక ఆ నాలుగు రోజులకు సరిపడా నీరు ముందే నింపుకోవాలి.

చట్టం, పాత వాహనాల కొనుగోలు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని యజమాని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరల స్పష్టపరచినది. కారవాన్ల ఆమోదానికి ఎ.ఐ.ఎస్.-124 అనే ప్రమాణం ఉన్నది. కనుక పాత మినీబస్సును వీధి చివరి వర్క్‌షాపులో మార్పించుకొనే ముందు రవాణా కార్యాలయంలో విచారించాలి. నమోదుపత్రంలో వాహనం ఏ తరగతిగా ఉన్నదో దానిపైనే బీమా పరిహారం ఆధారపడుతుంది. స్వంత వాడుకకు ఉంచుకొన్న క్యాంపర్ వాన్ రవాణేతర తరగతిలోకి వస్తుంది. అద్దెకు తిప్పితే నిబంధనలు మారుతాయి. తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు 7,500 కిలోల బరువు వరకు చెల్లుతుంది.

ఇతరులు వాడిన కారవాన్‌ను కొనేవారు వర్షాకాలంలో చూడడం మంచిది. వాన పడిన మరునాడు అరలు తెరిచి ముక్కవాసన కోసం పరిశీలించాలి. కిటికీల కింద, ఎ.సి. పెట్టె చుట్టూ ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయేచోట నీరు దిగుతున్నదని అర్థం. టైర్ల అరుగుదల మాత్రమే చూసి సరిపెట్టుకోరాదు. నెలల తరబడి కదలకుండా నిలిచిన వాహనాల టైర్లు అరగకుండానే పగుళ్ళిస్తాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి.