రాజోలు దీవి చుట్టూ పడవ మీద

రాజోలు ఒక దీవి. ఈ మాట అంటే మా ఊళ్లోవాళ్లే ఆశ్చర్యపోతారు. అమలాపురంలో బస్సెక్కినా, పాలకొల్లు నుంచి కారులో వచ్చినా ఏరు దాటామన్న ధ్యాసే ఉండదు ఇప్పుడు. పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. వశిష్ఠ పడమటగా దిగి అంతర్వేది దగ్గర, వైనతేయ తూర్పుగా దిగి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ రెండు పాయలకీ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల మాది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు అన్నీ అందులోవే. చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన, గన్నవరం అక్విడక్టు లేని రోజుల్లో పెళ్లికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా పడవే దిక్కు.

ఇరిగేషన్ శాఖలో ఏటిగట్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, చుట్టాల్లో ఎవరికి గోదావరి మీద మనసు పడినా ఫోను నాకే వస్తుంది. జర్మనీలో ఉద్యోగం చేసే మా బాబాయిగారబ్బాయి గ్రీసు దీవుల మధ్య తెరచాప పడవ అద్దెకు తీసుకుని పెళ్లాం పిల్లలతో తిరిగొచ్చాడు. "అన్నయ్యా, మన దగ్గర అలాంటిది కుదరదా? పడవలో మనవాళ్లే ఉండాలి. రెండ్రోజులు చాలు. సంక్రాంతికి వస్తున్నాం" అన్నాడు. భేషుగ్గా కుదురుతుంది. కాకపోతే సెలవు పెట్టుకుని ఆ తేదీకి పడవ మాట్లాడితే సరిపోదు. నీళ్ల సంగతి చూసుకున్నాకే తేదీ.

మధ్యధరా సముద్రానికీ మనకీ ఉన్న తేడా అక్కడే. జిబ్రాల్టర్ జలసంధి ఇరుకు, అట్లాంటిక్ పోటు దాన్ని దాటి లోపలికి రాలేదు. అందుకే ఆ సముద్రంలో చాలాచోట్ల నీటిమట్టం అడుగుకు మించి పెరగదు, తగ్గదు. అక్కడ పడవవాళ్లు లెక్కచూసేది గాలిని. జులై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. అది లేస్తే ఏ దీవిలో ఉన్నవాళ్లు ఆ దీవిలోనే ఆగిపోవాలి. మనకి గాలి తరవాతి మాట, ముందు చూడాల్సింది ఆటుపోట్లు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అమావాస్యకీ పున్నమికీ పోటుకీ పాటుకీ మధ్య నీరు నాలుగైదు అడుగులు మారుతుంది. ఆ ఊపు నదిలో చాలా దూరం ఎగువకి వస్తుంది.

సఖినేటిపల్లి రేవులో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, పుట్టిందగ్గర్నుంచీ పడవ మీదే. ఎప్పుడు బయల్దేరదామని అడిగితే చేతి గడియారం చూడరు. రేవులో పాతిన కర్రకి తడి చార ఎంత మేర ఉందో చూస్తారు. తరవాత నీటి మీద తేలే గుర్రపుడెక్క వంక చూస్తారు. అది నరసాపురం వైపు నుంచి కిందికి జారుతుంటే పాటు నడుస్తోందన్నమాట. ఎగువకి తిరిగితే పోటు. ఎటూ కదలక నిలబడితే కాసేపట్లో నీరు మళ్లుతుంది. "పాటు మీద దిగాలండి, పోటు మీద ఎక్కాలండి. ఎదురెళ్తే డీజిలు తాగేస్తాదండి" అంటారాయన. పోటు రోజూ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. పంచాంగం దగ్గర పెట్టుకుని అష్టమి, నవమి రోజులు ఎంచుకుంటే నీటి ఊపు తక్కువ, పిల్లలతో పోయేవాళ్లకి అదే మేలు. అమావాస్య పాటులో నీరు బాగా లాగేసి ఇసుక మేటలు పైకి తేలతాయి. పోయినేడాది పడవ నడిచిన దారిలోనే ఈ ఏడు మేట ఉండొచ్చు, వరద వచ్చిన ప్రతిసారీ అవి చోటు మారుతాయి. పెద్దాయన వెదురుగెడతో లోతు చూసుకుంటూ పోయేది అందుకే.

ఇక కాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా షికారు మాటే వద్దు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన వరద 35 లక్షల క్యూసెక్కుల దాకా పోయింది. ఆ సంవత్సరం పేరెత్తితే మా లంకల్లో ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. హెచ్చరిక లేదు కదా అని ఎర్రనీటిలో దిగడం కూడా తప్పే, ఆ నీటిలో కింద ఏముందో కనపడదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లెవరూ ఆ నెలలో ముందుగా తేదీ పెట్టుకోరు. డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా ఏరు తేటగా, నెమ్మదిగా ఉంటుంది. మా తమ్ముడి సంక్రాంతి సరిగ్గా ఆ కాలంలోనే పడింది.

పడవ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. డెబ్బైమందికి పైగా ఎక్కితే 26 మంది బతికి బయటపడ్డారు. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఆ నెలంతా టీవీ ముందు నుంచి కదల్లేకపోయాను. ఇప్పుడు దేశమంతటికీ 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. ఇంజన్ బోటుకి రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, బీమా, నడిపేవాళ్లకి అర్హత ఉండాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ కాగితాలు చూపించమనండి. సర్వే గడువు ఎప్పటిదాకా ఉందో, ఎంతమందికి అనుమతో, ఏ హద్దు దాకా పోవచ్చో చదవండి. వేటకి పోయే ఫైబర్ పడవ ఎంత బాగా నడిచినా షికారు పడవ కాదు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకుని ఊరుకోకండి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని బకిల్ పడుతోందా, పట్టీ చిరిగిందా, లోపలి ఫోము గట్టిపడిపోయిందా నొక్కి చూడండి. పిల్లల సైజువి వేరే అడగాలి. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లకి తొడిగితే నీళ్లలో అది పైకి లేచి మెడలోంచి జారిపోతుంది.

దారి ఇలా చెప్పాను మా తమ్ముడికి. మొదటి రోజు వశిష్ఠ. డిండి రేవులో తెల్లవారుతూనే ఎక్కాలి. డిండిలో కేరళ తరహా హౌస్ బోట్లున్నాయి, హాయిగా ఉంటాయి కూడా. దూరం పోవాలనుకునేవాళ్లు మాత్రం అది ఎక్కడిదాకా తిరుగుతుందో ముందే అడగాలి. రామరాజులంక దాటాక ఏరు విశాలమవుతుంది. ఎడమన సఖినేటిపల్లి, కుడిన నరసాపురం, మధ్య జనాన్ని ఏరు దాటించే పంటు అటూ ఇటూ తిరుగుతుంటుంది, దానికి దారివ్వాలి. నరసాపురం దగ్గర కాస్త నిదానించమనండి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలు కట్టించుకున్నదీ, బాగు చేయించుకున్నదీ ఈ ఒడ్డునే, పక్కనున్న మాధవాయపాలెంలోనే. అక్కణ్ణుంచి అంతర్వేది. స్వామి దర్శనం, లైట్‌హౌసు, ఏరూ సముద్రమూ కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి మొగ దగ్గర అలలు రేగుతాయి కాబట్టి అక్కడ పని పొద్దున్నే తేల్చుకుని, పోటు అందుకోగానే వెనక్కి తిరగాలి.

ఇక్కడే మా వాడు పట్టుబట్టాడు, అంతర్వేది నుంచి సముద్రం మీదుగా ఓడలరేవు చేరి దీవిని పూర్తిగా చుట్టేద్దామని. వద్దన్నాను. ఏటి పడవకి అడుగు చదును, సముద్రపు అల పక్క నుంచి తగిలితే నిలవలేదు. మొగలో ఇసుక కట్ట మీద అలలు విరిగే చోటు వేటగాళ్లకే పరీక్ష. ఆ ముక్క రోడ్డు మీద దాటి, రెండో రోజు వైనతేయ మీద వేరే పడవ మాట్లాడుకోవాలి. అప్పనపల్లి బాలబాలాజీ గుడి ఏటి ఒడ్డునే ఉంది. దానికి ఎగువన పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలల పైనే మండింది, మా పెరట్లోంచి రాత్రి ఆకాశం ఎర్రగా కనపడేది. దిగువన ఆదుర్రులో బౌద్ధ స్తూపం. సముద్రానికి ఇంత దగ్గర్లో భిక్షువులు ఎందుకు చోటు చూసుకున్నారో పడవ మీద వస్తే తెలుస్తుంది.

షికారు పడవ ఎక్కేవాళ్లు ఒకటి గమనించాలి. గంటి పెదపూడి దగ్గర వరద వచ్చినప్పుడల్లా తాత్కాలిక గట్టు తెగిపోయి ఊడుమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక జనం పడవ మీదే దాటుతూ వచ్చారు, బడిపిల్లలతో సహా. మనకి గట్టి జాకెట్టు అడిగే హక్కుంటే ఆ పిల్లలకి అంతకన్నా ఎక్కువే ఉంది. కుదిరితే తిరిగెళ్లేటప్పుడు పిల్లల సైజు జాకెట్లు నాలుగు కొని రేవులో ఇచ్చి వెళ్లమని మా తమ్ముడితో చెప్పాను. సరేనన్నాడు.

భీష్మ ఏకాదశి వారం మాత్రం ఎంచుకోవద్దు. చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి ఏడు పాయల సంగమాల్లో మునిగే సప్తసాగర యాత్ర అంతర్వేదిలోనే ముగుస్తుంది. స్వామి కల్యాణం, రథోత్సవం కూడా అప్పుడే. పంటు మీద కాలు పెట్టే చోటుండదు. చూడాలనుంటే జనంతో కలిసి వెళ్లి చూడండి, సొంత పడవ ఇంకోసారి.

అద్దెలో డీజిలు, సరంగు భోజనం కలిసున్నాయో లేవో ముందే తేల్చుకోండి. తాగేనీళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి, దిగువన ఏటినీరు ఉప్పు. పొద్దు వాలకముందే రేవు చేరాలి, ఎందుకంటే సాయంత్రం వేటకి వలలు పరుస్తారు. చీకట్లో వల ఫ్యానుకి చుట్టుకుంటే మీ పడవ ఆగిపోవడమే కాదు, ఒక ఇంటి వేట కూడా పోతుంది.