తంజావూరు పటంలో బంగారమెంత?

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు గృహప్రవేశాలకూ పెళ్లిళ్లకూ వచ్చే కానుకల్లో ఈమధ్య తంజావూరు పటాలు కనబడుతున్నాయి. గోడగడియారాల మధ్య నుంచి వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడో, పట్టాభిరాముడో ధగధగమంటూ హాల్లోకి వస్తాడు. ఆయన వెంట కొన్ని మాటలూ వస్తాయి. అసలు బంగారమట, వెయ్యేళ్ల కళట, రాళ్లు కూడా నిజమైనవేనట. ఈ 'అట'ల్లో నిలిచేవెన్నో చూద్దాం.

అపోహ: పటం నిండా బంగారమే. కష్టకాలంలో అక్కరకొస్తుంది.

బంగారం ఉన్నమాట నిజమే. పద్ధతి ప్రకారం చేసిన పటానికి సాధారణంగా 22 క్యారెట్ల రేకు వాడతారు. ఎంత పడుతుందో మాత్రం కొనేవాళ్లు లెక్క వేసుకోరు. పూతపనికి వాడే మామూలు బంగారు రేకు మందం మైక్రానులో పదో వంతు; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్కను ఈ రేకుతో సందు లేకుండా కప్పేసినా పట్టేది సుమారు 0.17 గ్రాములే. తంజావూరు పనికి వాడేది ఇంతకంటే మందపు రేకు. అయిదు రెట్లు మందమనుకున్నా గ్రాము దాటదు. పైగా రేకు పటమంతా ఉండదు. నగలకు, కిరీటానికి, మండపం స్తంభాలకు, తోరణానికి మాత్రమే అంటిస్తారు. ముఖం, ఒళ్లు, తెరలు, నేపథ్యం అంతా రంగే. ఉన్న ఆ కాస్త రేకూ సుద్దకు జిగురుతో అతుక్కుని ఉంటుంది. గీకి పట్టుకెళితే ఏ తాకట్టు దుకాణంలోనూ తూకం వేయరు. బంగారం రేటు పెరిగింది కాబట్టి పటం ధర రెట్టింపయిందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

మరి డబ్బంతా ఎక్కడికి పోతుంది? చేతిపనికి. పూర్వం పనసచెక్క తీసుకునేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లైవుడ్డే. దానిమీద బట్ట అంటించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూత మీద పూత వేసి, ఆరాక నునుపు చేస్తారు. ఆ తెల్లటి నేల మీద బొమ్మ గీస్తారు. రాళ్లు అతికిస్తారు. ఆ తర్వాతదే అసలు పని: సుద్దా జిగురూ కలిపిన ముద్దతో హారాలు, భుజకీర్తులు, స్తంభాల మీది లతలు ఉబ్బెత్తుగా దిద్దడం. దీన్ని మక్కు పని అంటారు. అది ఆరాక పైన రేకు అంటించి, ప్రతి గుంటలోకీ దిగేలా ఒత్తుతారు. రంగులు చివర్లో. పోతబంగారంలా కనబడే ఆ వడ్డాణం లోపలంతా సుద్దే. నన్నడిగితే పటం మంచిచెడ్డలు తేల్చేది రేకు కాదు, ఈ మక్కు. రేకును డబ్బు పెట్టి కొనొచ్చు, మక్కు దిద్దే చెయ్యి ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని రాదు.

నకిలీల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బంగారు రేకు పేరుతో ఇత్తడి రేకు అంటించినవి ఉంటాయి. కొన్నాళ్లకు అవి మాసిపోయి నల్లబడతాయి. బంగారానికి చిలుము పట్టదు. ఇంకా చవకరకంలో అచ్చువేసిన బొమ్మ మీద బంగారు రంగు గీతలు లాగి, నాలుగు పూసలు అంటిస్తారు. పటాన్ని పక్కనుంచి టార్చి వెలుగులో చూస్తే ఈ అచ్చుబొమ్మ దొరికిపోతుంది. మక్కు ఉన్నచోట నీడ పడుతుంది, అచ్చుబొమ్మ చదునుగా ఉండిపోతుంది. చవకగా కొన్న అచ్చుబొమ్మకు దండం పెడితే పుణ్యం తగ్గదు గానీ, దానికి చేతిపని ధర ఇవ్వడం దండగ. రేకు ఎన్ని క్యారెట్లదో బిల్లు మీద రాయించుకోండి. అక్కడే సగం నిజం బయటికొస్తుంది.

అపోహ: బంగారానికి ఏమీ కాదు కాబట్టి తడిగుడ్డతో తుడవొచ్చు.

బంగారానికి ఏమీ కాదు, నిజమే. కింద ఉన్నది సుద్దా, జిగురూ. తడిగుడ్డకు సుద్ద ఏమవుతుందో దేశమంతటికీ పలకలు పంపిన మార్కాపురానికి ఒకరు చెప్పాలా? పలక మీద రాతంత తేలిగ్గా పోదు గానీ, తడి తగిలినకొద్దీ జిగురు వదులై, మక్కు ఉబ్బి, పెచ్చులుగా లేస్తుంది. మెత్తటి పొడి బ్రష్షుతో ఫ్రేమునూ అద్దాన్నీ దులుపుకుంటే చాలు.

మన వాతావరణంతో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలంలో మార్కాపురం వైపు ఎలా మండిపోతుందో తెలిసిందే. ఆ ఎండలకు చెక్క కుంచించుకుపోతుంది, వానల్లో ఉబ్బుతుంది. పైనున్న సుద్దపొర అలా సాగలేదు, బీటలిస్తుంది. అందుకే ఎండ నేరుగా పడే గోడకు పటం తగిలించకూడదు. కొత్త ఇంటి గోడకైతే మరీ తొందర పనికిరాదు. గృహప్రవేశం నాటికి ప్లాస్టరింగులో తేమ ఇంకా ఉంటుంది. కానుకగా వచ్చిన పటాన్ని ఆ రోజే మేకుకు తగిలిస్తే ఆ నెమ్మంతా చెక్క పీల్చుకుంటుంది. కొన్ని నెలలు ఆగండి. తర్వాత కూడా పటానికీ గోడకూ మధ్య వేలెడు సందు ఉంచండి, చెదలు కూడా కనిపెట్టవచ్చు. పూజగదిలో పెడితే దీపం పొగ, కర్పూరం మసి నేరుగా తగలనంత ఎత్తులో పెట్టండి.

అపోహ: చోళుల కాలం నుంచీ వస్తున్న వెయ్యేళ్ల కళ.

తంజావూరు అనగానే 1010లో పూర్తయిన బృహదీశ్వరాలయం గుర్తొస్తుంది కాబట్టి ఈ మాట అతికినట్టుంటుంది. ఆ గుడిలో చోళుల నాటి చిత్రాలూ ఉన్నాయి. తర్వాత తంజావూరును ఏలిన నాయకరాజుల కాలం బొమ్మల పొర కింద దాగి ఉన్న వాటిని 1931లో గుర్తించారు. అయితే అవి గోడచిత్రాలు. బంగారు రేకు అంటించిన చెక్కపటం వేరు. మనం చూసే ఈ తరహా పటాలు నాయకరాజుల కాలంలో మొలకెత్తి, 1670ల నుంచి తంజావూరును ఏలిన మరాఠాల నీడలో పెరిగాయి. రెండో శరభోజి కాలం, అంటే 1798 నుంచి 1832 వరకు, వీటికి మంచి రోజులు.

అపోహ: అది అరవవాళ్ల కళ, మనకేమిటి సంబంధం?

ఊరు తమిళనాడులో ఉంది, సరే. చేతులెవరివి? తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల్లో ఈ పటాలు వేసినవాళ్లలో ముఖ్యులు రాజులు అని పిలిచే తెలుగు చిత్రకార కుటుంబాలవాళ్లు. విజయనగర ప్రాభవంలో తమిళదేశానికి కొందరు, 1565లో విజయనగరం ఓడిన యుద్ధం తర్వాత ఆశ్రయం వెతుక్కుంటూ మరికొందరు కదిలారు. అప్పటికే తంజావూరులో తెలుగు నాయకరాజులున్నారు. 1532 నుంచి 1673 వరకు వాళ్లదే రాజ్యం. చేమకూర వేంకటకవి విజయవిలాసం రాసి అంకితమిచ్చిన రఘునాథ నాయకుడు ఆ వంశంవాడే.

మన వైపు నుంచి చూస్తే బంధం ఇంకా దగ్గరిది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి గెలిచాక ఈ ప్రాంతమంతా విజయనగరం కిందికి వచ్చింది. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి మండపాలూ, కంభం చెరువూ ఆ కాలాన్నే తలపిస్తాయి. ఇక త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వీకులది అర్ధవీడు మండలంలోని కాకర్లేనని చెబుతారు. శరభోజి కొలువుకు రమ్మంటే ఆయన వెళ్లలేదన్న కథ అందరికీ తెలిసిందే. ఆయన తిరువయ్యారులో కీర్తనలు కడుతున్న రోజుల్లోనే, దగ్గర్లోని తంజావూరులో తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లు పట్టాభిరాముడి కిరీటానికి మక్కు దిద్దుతున్నారు. తెలుగు పాటను మనదని చెప్పుకున్నట్టు ఆ పటాన్ని ఎందుకు చెప్పుకోలేదో నాకెప్పుడూ వింతే.

ఆ వరస అక్కడితో ఆగలేదు. చిత్రకారులైన ఆ రాజుల కుటుంబాల నుంచే సి. కొండయ్యరాజు (1898–1976) వచ్చారు. కోవిల్‌పట్టిలో ఉండి ఆయన వేసిన దేవుళ్ల బొమ్మలు శివకాశి క్యాలెండర్ల మీద అచ్చయి ఊరూరికీ చేరాయి. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చే క్యాలెండరులో లక్ష్మీదేవి ఎదురుగా, నిండుగా, నగలతో కూర్చునే తీరులో తంజావూరు పటం పోలికలు వెతికితే దొరుకుతాయి.

ఇంకా కొన్ని అపోహలు, గబగబా.

రాళ్లు కెంపులూ పచ్చలూ కావు. పాత పటాల్లో కొన్నిటికి విలువైన రాళ్లు పొదిగారు గానీ, ఇప్పటివి చాలావరకు గాజురాళ్లు, జైపూరు రాళ్లు. బొమ్మను అద్దం మీద గీస్తారనేదీ పొరపాటే. అద్దం వెనకవైపు గీసే పటాలు తంజావూరులోనే ఉన్నాయి గానీ అది వేరే పని. తంజావూరు పటానికి అద్దం రక్షణ కోసమే, అదీ మక్కుకు తగలకుండా ఎడంగా బిగించాలి. బాలకృష్ణుడు నల్లగా లేడని, చిత్రకారుడు తప్పు చేశాడని అనేవాళ్లున్నారు. తెల్లటి బాలకృష్ణుడు ఈ పద్ధతిలో పాతకాలం నుంచీ ఉన్నవాడే.

చివరిది, పెచ్చు లేచిన పటం ఇక పనికిరాదనుకోవడం. నీళ్లలో కలపాలని కొందరు, బజారులో దొరికే బంగారు రంగు పూసేయాలని కొందరు తొందరపడతారు. రెండూ వద్దు. మక్కు పని తెలిసినవాళ్లు ఊడినచోట మళ్లీ దిద్ది రేకు అంటించగలరు. పూసిన రంగు వదిలించడమే వాళ్లకు ఎక్కువ కష్టం. రాలిన ముక్కలు ఉంటే ఊడ్చేయకుండా కాగితంలో పొట్లం కట్టి పటంతోపాటే ఇవ్వండి.