సూర్యకాంతము: కావ్యమున నొకటి, అంగడి నొకటి

సూర్యకాంత చంద్రకాంత శిలలు కావ్యపాఠకులకు చిరపరిచితములు. రవికిరణములు సోకగానే నిప్పు గ్రక్కునది సూర్యకాంతమనియు, వెన్నెల సోకగానే ద్రవించునది చంద్రకాంతమనియు కవిసమయము. నేటి మణివర్తకులు ‘సన్‌స్టోన్’ అనెడి రాతిని సైతము సూర్యకాంతమనియే పిలుచుచున్నారు. ఇది నిప్పు పుట్టింపదు, మెరయును. పేరొక్కటైనంత మాత్రమున కావ్యవర్ణనను అంగడి రాతికి అంటగట్టరాదు.

ఈ మణి ఫెల్డ్‌స్పార్ అను ఖనిజవర్గమునకు చెందినది. భూమి పైపొరలో సగమునకు మించిన భాగము ఈ వర్గమే. పింగాణి పాత్రలకును గాజునకును వాడు ముడిసరకు ఇదియే. ఇట్టి సామాన్యశిలకు రత్నగౌరవము తెచ్చినది దానిలో చిక్కుకొన్న పరపదార్థము. నార్వేలోను, దక్షిణ భారతమునందును దొరకు రాళ్లలో హెమటైట్ అను ఇనుప ఖనిజపు రేకులుండును. అమెరికాలోని ఓరెగాన్ రాళ్లలో రాగి రేకులుండును. ఈ సన్నని రేకులు ఒకే దిశలో బారులు తీరియుండుటచే, వానిపై పడిన వెలుగు ఒక్కుమ్మడిగా ప్రతిఫలించును. మలినమే ఇచట సౌందర్యమైనది. ఓరెగాన్ 1987లో దీనిని తన రాష్ట్రరత్నముగా స్వీకరించినది.

సానపట్టువాని నేర్పునకు ఈ రాయి గట్టి పరీక్ష. రేకుల వరుస అడుగుభాగమునకు సమాంతరముగా నుండునట్లు కోసి, పైభాగమును నున్నని గుబ్బగా తీర్చవలెను. దిశ తప్పినచో మెరుపు మరుగుపడును. దీని కాఠిన్యము 6 నుండి 6.5 వరకే, ధూళిలోని ఇసుకరేణువుల కాఠిన్యము 7. పైగా ఇది రెండు దిశలలో సులభముగా చీలును. అందుచే నిత్యము రాపిడికి గురియగు ఉంగరముకంటె పతకమునకును కమ్మలకును ఇది తగినది. ఉంగరమున పొదుగదలచినచో అంచు చుట్టును బంగారు కట్టు ఉండుట మేలు.

దీనికి నకిలీయు కలదు. వెనిస్ నగర సమీపమున గాజు పనివారు పూర్వము రాగి రవ్వలు మెరయు గాజును తయారుచేసిరి. యాదృచ్ఛికమను అర్థమిచ్చు ఇటాలియను మాటనుండి దానికి ‘అవెంచురీన్’ అను పేరు వచ్చినది. చిత్రమేమనగా, ఆ గాజు పేరే పిమ్మట రాతి మెరుపునకును సంక్రమించినది. రెంటిని వేరుపరచుట కష్టము కాదు. గాజులో రవ్వలు అంతటను సమముగా పరచుకొని, ఎటు త్రిప్పినను మెరయుచుండును. రాతిని త్రిప్పినపుడు మెరుపు ఒక కోణమున భగ్గున వెలిగి, మరొక కోణమున ఆరును.

పేరు చూచి కొనువాడు మోసపోవును. త్రిప్పి చూచి కొనువాడు మోసపోడు. పదములయెడలను ఇట్టి పరీక్షయే విద్యార్థికి శ్రేయస్కరము.