పెద్దయ్యాక ఆటిజం పరీక్ష: స్కోరును ఎంత నమ్మొచ్చు?

మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి ‘ఇసా’ కొలమానమే ఆధారం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) దీన్ని రూపొందించింది. ఇందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఏ లక్షణమూ లేనివారికీ 40 మార్కులు పడతాయి. 70కి చేరాలంటే ఇంకో 30 కావాలి. పైగా 9 అంశాలు మాటకు సంబంధించినవే. బాగా మాట్లాడే కాలేజీ కుర్రాడికి అక్కడ ఒక్కో మార్కుకు మించి రాకపోవచ్చు. స్నేహం నిలుపుకోలేకపోవడం, చప్పుడు భరించలేకపోవడం అతణ్ని ఎంత వేధించినా మొత్తం 70కి చేరకపోవచ్చు. అప్పుడు అతనికి ధ్రువపత్రం రాదు. అంతమాత్రాన ఆటిజం లేదనడం తొందరపాటే.

విదేశాల్లో ఎక్కువగా వాడే ఏడాస్-2 అనే ఆటిజం పరీక్షలో పెద్దలకు విడిగా ఒక భాగం ఉంది. నిపుణుడు ముచ్చట పెడుతూ చూపు, హావభావాలు గమనిస్తాడు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో సైకోసిస్ అనే మానసిక సమస్య ఉన్నవారిలో 30 శాతం మంది ఆటిజం లేకున్నా ఈ పరీక్షలో ఆటిజం ఉన్నట్టు చెప్పే గీత దాటారు. ముభావంగా ఉండటం రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది మరి. మరోవైపు, నలుగురిని చూసి నవ్వడం, పలకరించడం నేర్చుకున్న ఆటిజం యువతులు చాలాసార్లు లెక్కలోకే రారు. పెద్దల కళ్లలోకి సూటిగా చూడకపోవడమే మర్యాదని నేర్చుకుని పెరిగిన పిల్లలకు చూపును బట్టి మార్కులు వేయడం ఎంత సబబో ఆలోచించాలి.

ఫోన్లో జనం నింపే ఆటిజం లక్షణాలపై 50 ప్రశ్నల ఏక్యూ పత్రం 2001లో కేంబ్రిడ్జ్‌లో పుట్టింది. వడపోతకే తప్ప నిర్ధారణకు అది పనికిరాదు. ఉదాహరణకు, ఆటిజం ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకునే, లేనివారిలో 80 శాతాన్ని సరిగా వదిలేసే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. వెయ్యి మందిలో 10 మందికే ఆటిజం ఉంటే 9 మంది దొరుకుతారు; లేనివారు 198 మంది కూడా దొరుకుతారు. వెయ్యి మందిలో సగం మందికి ఆటిజం ఉన్న క్లినిక్‌లో అదే పరీక్ష 450 మందిని సరిగా, 100 మందిని తప్పుగా చూపుతుంది.

లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉండాలన్నది నిర్ధారణ నియమం. చిక్కంతా అక్కడే. కరీంనగర్ పల్లెల్లో తండ్రి ఏళ్లకేళ్లు గల్ఫ్‌లో ఉంటే పిల్లాడి బాల్యం తల్లికో నాయనమ్మకో మాత్రమే తెలుసు. ఇరవై ఏళ్లు గడిచాక ఎవరికైనా ఎంత గుర్తుంటుంది? ఆదిలాబాద్‌లో ఇంట్లో గోండియో కొలామీయో మాట్లాడే పిల్లాడు తెలుగు బడిలో మౌనంగా ఉంటే అది భాష తెలియకపోవడం కావచ్చు. అతను ఇంటి భాషలో ఎలా మాట్లాడతాడో కనుక్కోకుండా వేసిన మార్కులకు విలువ లేదు. అందుకే నిపుణులు స్కోరుతో ఆగకుండా పాత ప్రోగ్రెస్ కార్డులు, పెళ్లిళ్లలో తీసిన వీడియోలు తెమ్మంటారు, తోబుట్టువులతో విడిగా మాట్లాడతారు, దిగులు, ఏడీహెచ్‌డీ వంటివి ఉన్నాయేమో చూసి, అవసరమైతే కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు.